లాన్ ట్రాక్టర్ స్టీరింగ్ చాలా బరువుగా ఉంది, తేలిక చేయడానికి ఏం చేయొచ్చు?

సుజాత_కమింగ్
అందరికీ నమస్కారం. మేము జార్జియాలో ఫోర్సైత్ కౌంటీలో ఉంటాం. ఇంటి చుట్టూ ఎకరం పైనే బెర్ముడా గడ్డి. మధ్యలో పైన్ చెట్లు, వెనక వైపు వాగులోకి దిగే వాలు. 42 అంగుళాల డెక్ (అడుగున బ్లేడ్లు తిరిగే గూడు) ఉన్న మామూలు లాన్ ట్రాక్టర్ మాది, అంటే కూర్చుని గడ్డి కోసే చిన్న బండి, కొని ఎనిమిదేళ్లయింది. ఇంజిన్, డెక్, బెల్టులు అన్నీ బాగున్నాయి. బాధంతా స్టీరింగ్‌తోనే. చెట్టు చుట్టూ తిప్పాలంటే రెండు చేతులతో లాగాల్సి వస్తోంది. నాకు కుడి భుజం పట్టేసి (ఫ్రోజెన్ షోల్డర్) ఇప్పుడిప్పుడే చెయ్యి పైకి లేస్తోంది. మావారు ఉద్యోగం మీద ఊళ్లు తిరుగుతుంటారు. గడ్డి కోసేది నేనే, ఆ పనంటే నాకు ఇష్టం కూడా.

సర్వీస్ షాపులో అడిగితే "వీటి స్టీరింగ్ ఇంతేనండీ, పవర్ స్టీరింగ్ ఉన్నది కొనుక్కోండి" అన్నారు. మంచి ఇంజిన్ ఉన్న బండిని ఇందుకోసం వదులుకోవాలని లేదు. పానాలు పట్టుకోవడం వచ్చు, బ్లేడ్లు, బెల్టులు నేనే మారుస్తాను. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

రఘు_రాలీ
సుజాత గారూ, ముందు ఖర్చు లేని పని. ముందు టైర్లలో గాలి ఎంతుందో చూశారా? చిన్న టైర్లు కాబట్టి కంటికి తెలియదు. ఈ తరగతి బండ్లకు ముందు 15x6.00-6 సైజు టైర్లు వస్తాయి. చాలా మాన్యువల్స్‌లో ముందు 14 పీఎస్ఐ, వెనక 10 పీఎస్ఐ అని ఉంటుంది. మీ మాన్యువల్‌లో ఎంతుందో అంతే పెట్టండి. కారు గేజి ఇంత తక్కువ గాలిని సరిగ్గా చూపించదు, చిన్న అంకెలు చూపే గేజి వాడండి.

రెండోది, ముందు యాక్సిల్ (ఇరుసు) రెండు చివర్లా గ్రీజు నిపుల్స్, అంటే గ్రీజు గన్ తగిలించే చిన్న మూతులు, ఉన్నాయా? ఉంటే వాటికి గ్రీజు ఎప్పుడు కొట్టారు?

హరిత_ఎడిసన్
సుజాతా, నేనైతే జీరో టర్న్ (ఉన్న చోటే గుండ్రంగా తిరిగే గడ్డి కోత బండి) కొనమంటాను. స్టీరింగ్ చక్రమే ఉండదు, రెండు లివర్లు వేళ్లతో తోస్తే చాలు. మాది కొని రెండు సీజన్లయింది, చేతులకు ఏ శ్రమా లేదు.

సుజాత_కమింగ్
హరిత అక్కా, అదీ ఆలోచించాను. కానీ మా వెనక వాలు వాగులోకి దిగుతుంది. పక్కింటాయన జీరో టర్న్ తడి గడ్డి మీద కిందికి జారడం కళ్లారా చూశాను. అందుకే భయం.

రఘు గారూ, గాలి చూశాను. ఎడమ 6, కుడి 9. మాన్యువల్‌లో 14 ఉంది, పెట్టాను. తేడా తెలిసింది, కానీ ఇంకా బరువే. నిపుల్స్ ఉన్నాయి, మట్టిలో పూడిపోయి కనపడలేదు. ఈ ఎనిమిదేళ్లలో వాటికి ఎవరూ గ్రీజు కొట్టలేదు. సర్వీసుకిచ్చినప్పుడు కొట్టే ఉంటారనుకున్నాం.

ఫణి_ప్లేనో
వాలు విషయంలో మీ భయం సరైనదే. జీరో టర్న్‌కు ముందుండేవి వాటంతట అవే తిరిగే క్యాస్టర్ చక్రాలు. దిశ మార్చేది, ఆపేది రెండూ వెనక చక్రాలే. అవి జారితే రెండూ పోతాయి. ట్రాక్టర్‌కైతే ముందు చక్రాలు కనీసం దిశనైనా పట్టుకుంటాయి. అయినా లాన్ ట్రాక్టర్ మాన్యువల్స్ కూడా 15 డిగ్రీల వాలు దాటొద్దనే చెబుతాయి. ఫోన్‌లో లెవెల్ యాప్ పెట్టుకుని మీ వాలు ఒకసారి కొలవండి.

ఇక స్టీరింగ్. నేను మెకానికల్ ఇంజనీర్ని, ఈ చిన్న బండ్ల ముందు భాగం నాకు చాలా ఇష్టమైన విషయం. బరువు నాలుగు చోట్ల నుంచి వస్తుంది.

స్టీరింగ్ రాడ్డు అడుగున చిన్న పినియన్ గేరు, దానికి ఆనుకుని విసనకర్ర ఆకారంలో సెక్టర్ గేరు ఉంటాయి. సెక్టర్ నుంచి డ్రాగ్ లింక్ అనే కడ్డీ స్పిండిల్ (ముందు చక్రాన్ని మోస్తూ దానితో పాటు తిరిగే నిలువు కడ్డీ) చేతికి వెళ్తుంది. ఇక్కడ ఉండే రాపిడి మొదటిది. యాక్సిల్ చివర ఉన్న గొట్టంలో స్పిండిల్ తిరుగుతుంది కదా, అక్కడి బుష్షుల్లో (గొట్టం లోపలి తొడుగుల్లో) రాపిడి రెండోది. బండి ముందు బరువంతా యాక్సిల్ కింది ముఖం నుంచి స్పిండిల్ భుజం మీదకు దిగుతుంది. అక్కడ మామూలు వాషర్ ఒకటే ఉంటుంది, ఇనుము మీద ఇనుము. అది మూడోది. నాలుగోది టైరు నేల మీద ఒరుసుకోవడం.

ఆగి ఉన్న బండిలో నాలుగోదే ఎక్కువ. బండి కదులుతుంటే టైరు దొర్లుతూ తిరుగుతుంది కాబట్టి అది బాగా తగ్గిపోతుంది. అప్పుడు చేతికి తగిలేది రెండు, మూడు. మీ భుజాన్ని అలసిపోయేలా చేస్తున్నవి ఇవే అయి ఉంటాయి.

ఊహించడం ఎందుకు, కొలవండి. ఇండియా ప్రయాణానికి సూట్‌కేసులు తూచే కొక్కెం త్రాసు మనందరి ఇళ్లలో ఉంటుంది. స్టీరింగ్ చక్రం అంచుకు తాడు కట్టి, దానికి త్రాసు తగిలించి, చక్రం అంచు వెంబడే లాగండి. చక్రం కదలడం మొదలయ్యేటప్పుడు ఎన్ని పౌండ్లు చూపిందో రాసుకోండి. ఇది నాలుగు స్థితుల్లో చేయండి. ఇంజిన్ ఆపి, తాళం తీసి, స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీసి, బ్రేకు వేసి, వెనక చక్రాలకు అడ్డు పెట్టిన తరవాతే.

మొదట డ్రైవ్‌వే కాంక్రీటు మీద మామూలుగా. తరవాత ఒక్కో ముందు టైరు కింద రెండేసి పాత వినైల్ పలకలు పెట్టి, వాటి మధ్య గ్రీజు పూసి. అప్పుడు టైరు ఒరుసుకోదు, పలకే జారుతుంది. మూడోది, జాకీతో ముందు భాగం లేపి స్టాండ్ల మీద నిలబెట్టి. చివరిగా డ్రాగ్ లింకులు ఊడదీసి, గేరు ఒక్కటే తిప్పుతూ. ఒక్కో అంకెకూ తరవాతి అంకెకూ ఉన్న తేడాయే ఒక్కో చోటి రాపిడి.

పాలమూరు_ట్రాక్టర్స్
సుజాత అక్కా, నమస్తే. నాది మహబూబ్‌నగర్. మీ లాన్ బండ్లు నేను చూడలేదు, కానీ పొలం ట్రాక్టర్ల ముందు యాక్సిల్ పని ఇరవై ఏళ్లకు పైగా చేస్తున్నా. ఫణి సార్ చెప్పింది చదివితే మీ బండీ మా పాత 35 హెచ్‌పీ బండీ ఒకటే పద్ధతి అని అర్థమైంది. మా దగ్గర ఇప్పుడు పవర్ స్టీరింగ్ బండ్లు ఎక్కువయ్యాయి కానీ, మెకానికల్ స్టీరింగ్ బండ్లు ఇంకా చాలా ఉన్నాయి. స్టీరింగ్ గట్టిగా ఉందని రైతు బండి తెస్తే మేము స్టీరింగ్ బాక్సు ముట్టుకోం. ముందు జాకీ ఎత్తి, చక్రం పట్టుకుని చేత్తో తిప్పి చూస్తాం. పదింట ఏడెనిమిది బండ్లలో తప్పు స్పిండిల్ బుష్షుల్లోనో, అక్కడ బరువు మోసే థ్రస్ట్ బేరింగులోనో ఉంటుంది.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నా. బండి నేల మీద ఉన్నప్పుడు గ్రీజు కొడితే బరువు మోసే ముఖానికి గ్రీజు అందదు. ఆ రెండు ముఖాలూ ఒకదాన్నొకటి నొక్కుకుని ఉంటాయి. గ్రీజు సులువైన దారి చూసుకుని పై నుంచి బయటికి వచ్చేస్తుంది, మనకేమో నిండిందనిపిస్తుంది. ముందు భాగం ఎత్తండి, స్పిండిల్ కొంచెం కిందికి జారి సందు వస్తుంది. అప్పుడు కొట్టండి. కొడుతూ చక్రాన్ని ఇటు చివర నుంచి అటు చివర దాకా తిప్పండి. పాత ఎర్ర నీళ్లు, నల్ల మడ్డి అంతా పోయి శుభ్రమైన గ్రీజు కింద నుంచి కనపడే దాకా ఆపొద్దు. మా రైతులకైతే దమ్ములో దిగిన రోజు సాయంత్రమే కొట్టమని చెబుతా.

వెంకట్_గ్రాండ్‌ర్యాపిడ్స్
మంచి చర్చ. మధ్యలో నాదొకటి. మాది మిషిగన్, చలికాలంలో ట్రాక్టర్ ముందు స్నో బ్లోయర్ తగిలిస్తాను. వేసవిలో బాగానే ఉండే స్టీరింగ్ అప్పుడు అసలు తిరగదు. ఇది కూడా బేరింగు సమస్యేనా?

రఘు_రాలీ
వెంకట్ గారూ, మీది వేరు. బ్లోయర్ పైకి ఎత్తినప్పుడు దాని బరువంతా ముందు చక్రాల మీద పడుతుంది. అదీ చక్రాలకు ముందు వేలాడుతుంది కాబట్టి అసలు బరువు కన్నా ఎక్కువే పడుతుంది. కిందికి దించితే అడుగున నేల మీద జారే స్కిడ్ షూలు (ఇనుప పాదాలు) దాని బరువు మోస్తాయి. పని చేస్తున్నప్పుడు బ్లోయర్‌ను లివరుతో పట్టి ఉంచకుండా నేల మీద తేలేలా వదలండి. ఎత్తినప్పుడు ఆగిన చోటే తిప్పకండి, అంగుళం అంగుళం కదులుతూ తిప్పండి. వెనక వీల్ వెయిట్లు పట్టు కోసం మంచివే కానీ, ఇరుసు దగ్గరే ఉంటాయి కాబట్టి ముందు బరువును తగ్గించలేవు. వెనక హిచ్ (ట్రాలీ తగిలించే కొక్కెం) కన్నా వెనక్కి వేలాడే సూట్‌కేసు వెయిట్లు (పిడి ఉన్న ఇనుప దిమ్మలు) మాత్రం కొంత తగ్గిస్తాయి, మీ బండికి కంపెనీ అనుమతించినవి ఉంటే చూడండి.

సుజాత_కమింగ్
ఫణి గారూ, కొలిచాను. మా అబ్బాయి త్రాసు చదివాడు, నేను లాగాను. రెండు వైపులా లాగి చూసి సగటు రాస్తున్నాను.

కాంక్రీటు మీద 24 పౌండ్లు. గ్రీజు పలకల మీద 15. జాకీ ఎత్తితే 9. డ్రాగ్ లింకులు ఊడదీస్తే 2.

గాలి సరిచేశాకే ఇవి. ఇంకో విషయం, జాకీ మీద ఉన్నప్పుడు కుడి చక్రాన్ని చేత్తో తిప్పితే ఒక చోట పట్టేసినట్టు ఆగి, తరవాత కటుక్కున కదులుతోంది. ఎడమది అలా లేదు.

ఫణి_ప్లేనో
చాలా చక్కగా కొలిచారు. దీన్ని చదువుదాం.

గేరు దగ్గర 2 పౌండ్లు మాత్రమే. అంటే స్టీరింగ్ రాడ్డు, పినియన్, సెక్టర్ బాగున్నాయి, వాటి జోలికి వెళ్లొద్దు. షాపులో సెక్టర్ గేరు మారుస్తామంటే ఒప్పుకోకండి.

ఎత్తినప్పుడు 9, అందులో గేరుది 2 తీసేస్తే 7 పౌండ్లు బుష్షుల్లో, లింకుల బాల్ జాయింట్లలో ఉంది. ఎత్తినప్పుడు స్పిండిల్ మీద బరువు లేదు, అయినా 7 ఉందంటే తుప్పు పట్టిందనే అర్థం. కుడి వైపు పట్టేయడం కూడా అదే చెబుతోంది.

పలకల మీద 15, ఎత్తితే 9. ఈ 6 పౌండ్లు బరువు దిగే చోట పుట్టినవి. ఎక్కువ భాగం ఆ వాషర్ ముఖం దగ్గర. కొంత బుష్షుల్లోది కూడా ఉంది, ఎందుకంటే చక్రం స్పిండిల్ నుంచి కొన్ని అంగుళాలు పక్కకు ఉంటుంది. ఆ దూరం వల్ల స్పిండిల్ వంగాలని చూస్తుంది, పై బుష్షు ఒక వైపు, కింది బుష్షు ఇంకో వైపు నొక్కుకుంటాయి. కాబట్టి థ్రస్ట్ బేరింగు ఒక్కటి వేసి బుష్షుల్ని వదిలేస్తే సగం పనే.

మిగతా 9 పౌండ్లు టైరుది. అది గడ్డి మీద కదులుతూ తిప్పేటప్పుడు పెద్దగా ఉండదు.

మొత్తం మీద కదిలే బండిలో మీ చేతికి తగులుతున్న బరువులో చాలా భాగం బాగు చేసుకోగలిగిందే.

రఘు_రాలీ
ఇక విప్పే పని. నేను మా బండికి చేసిన వరుస ఇది. మీ దాంట్లో చిన్న తేడాలు ఉండొచ్చు, విప్పే ముందు ప్రతి దశకూ ఫోన్‌లో ఫోటో తీసుకోండి.

బండిని గట్టి, సమతలంగా ఉన్న నేల మీద ఎత్తి, రెండు స్టాండ్ల మీద ఫ్రేమును కూర్చోబెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి చెయ్యి కింద పెట్టొద్దు. చక్రం మధ్యలో ప్లాస్టిక్ టోపీ తీస్తే ఈ-క్లిప్, వాషర్ కనపడతాయి. అవి తీస్తే చక్రం వచ్చేస్తుంది. కొన్నిటికి లోపల చిన్న చతురస్రపు కీ ఉంటుంది, గడ్డిలో పడితే దొరకదు, జాగ్రత్త. తరవాత టై రాడ్ (రెండు ముందు చక్రాలనూ కలిపే కడ్డీ), డ్రాగ్ లింక్ బాల్ జాయింట్లు ఊడదీయండి. టై రాడ్ సర్దుబాటు నట్టు కదపకుండా, ఎక్కడుందో మార్కర్‌తో గీత పెట్టుకోండి. స్పిండిల్ పైన క్లిప్ తీస్తే స్పిండిల్ కిందికి దిగాలి. దిగకపోతే పై నుంచి నేరుగా సుత్తితో కొట్టకండి, తల పరుచుకుంటే ఇక గొట్టంలోంచి రాదు. తుప్పు వదిలించే నూనె కొట్టి ఒక రాత్రి వదిలేసి, మధ్యలో చెక్క ముక్క పెట్టి తట్టండి.

బయటికి వచ్చాక స్పిండిల్‌ను సన్న ఎమరీ కాగితంతో మెరిసేలా రుద్దండి. గొట్టం లోపల కూడా శుభ్రం చేసి, గ్రీజు నిపుల్ రంధ్రం మూసుకుపోలేదని తీగతో చూసుకోండి. వెర్నియర్‌తో స్పిండిల్ మందం కొలవండి. చాలా బండ్లకు 3/4 అంగుళం. అదే అయితే ఎన్‌టీఏ-1220 అనే నీడిల్ (సూదుల్లాంటి సన్న రోలర్లున్న) థ్రస్ట్ బేరింగు సరిపోతుంది. లోపలి వ్యాసం 3/4, బయటిది 1-1/4 అంగుళాలు. ఇదే సైజును టీసీ-1220 పేరుతో కూడా అమ్ముతారు. ఒక్కో బేరింగుకు పైన ఒకటి, కింద ఒకటి టీఆర్ఏ-1220 గట్టి వాషర్లు తప్పకుండా వేయాలి. నీడిల్స్ నేరుగా మెత్తటి ఇనుము మీద తిరిగితే గాడి తవ్వేస్తాయి. రెండు వైపులకూ కలిపి ఇరవై డాలర్ల లోపే అయింది నాకు.

బేరింగు, రెండు వాషర్లూ కలిపి అంగుళంలో ఏడో వంతు మందం ఉంటుంది. ఆ మేరకు స్పిండిల్ కిందికి దిగుతుంది, పైన క్లిప్ గాడి యాక్సిల్ లోపలికి పోవచ్చు. కింద ఉన్న పాత మందపాటి వాషర్ తీసేస్తే చాలా వరకు సరిపోతుంది. ముందు గ్రీజు లేకుండా ఉత్తినే అమర్చి చూడండి. పైన క్లిప్ కూర్చుని, స్పిండిల్ పైకీ కిందికీ ఒక వెంట్రుకవాసి ఆడాలి. అస్సలు ఆడకపోతే బిగుతైనట్టు, బాగా ఆడితే పైన పల్చటి షిమ్ వాషర్ వేయాలి.

ఫణి_ప్లేనో
రఘు గారి వరుస బాగుంది. ఒక్క సందేహం చెప్పకుండా ఉండలేను. నీడిల్ బేరింగు పూర్తిగా గుండ్రంగా తిరిగే చోట బాగా పని చేస్తుంది. ఇక్కడ అటు కొంచెం, ఇటు కొంచెం ఊగుతుంది అంతే. పైగా గతుకుల దెబ్బలు. ఆ స్థితిలో నీడిల్స్ ఒకే చోట నొక్కి వాషర్ మీద గీతలు పడతాయి. నేనైతే గ్రీజు పట్టే కంచు థ్రస్ట్ వాషర్ వేస్తాను. రాపిడి నీడిల్ అంత తగ్గదు కానీ, మట్టిని తట్టుకుంటుంది.

పాలమూరు_ట్రాక్టర్స్
ఫణి సార్, మీరు చెప్పిన గీతలు నేను చూశాను. గ్రీజు ఎండిపోయిన బండ్లలోనే ఎక్కువ. గ్రీజు బతికి ఉన్నంత కాలం బేరింగు బతుకుతుంది. మా బండి ముందు భాగం మోసే బరువుతో పోలిస్తే అక్క బండి బరువు ఎంత? నా లెక్కలో బేరింగే వేయాలి. అక్క భుజం కోసం కదా ఈ పనంతా. ఒకవేళ నాలుగేళ్లకు గీతలు పడితే మళ్లీ చిన్న ఖర్చే.

కానీ మట్టి విషయం నిజం. బేరింగు చుట్టూ గ్రీజు దట్టంగా పెట్టి, బయట రబ్బరు ఓ-రింగు ఒకటి వదులుగా తొడగండి. నీళ్లు ఎగజిమ్మినా లోపలికి పోవు. బండి కడిగేటప్పుడు ప్రెషర్ వాషర్‌ను ఆ మూల మీదకు పట్టొద్దు.

ఫణి_ప్లేనో
ఓ-రింగు ఆలోచన నాకు నచ్చింది. గ్రీజు క్రమంగా కొట్టేవాళ్లకు నీడిల్, కొట్టని వాళ్లకు కంచు అనుకుందాం. సుజాత గారు కొట్టేవాళ్లే, సందేహం లేదు.

హరిత_ఎడిసన్
చక్రాల మధ్య ఉండే ప్లాస్టిక్ బుష్షులు తీసి బాల్ బేరింగులు వేస్తే స్టీరింగ్ తేలికవుతుందని ఒక చోట చదివాను, నిజమేనా?

రఘు_రాలీ
అది వేరే పనండీ. చక్రం బుష్షు అరిగితే చక్రం అటూ ఇటూ ఊగుతుంది, టైరు వంకరగా అరుగుతుంది. 3/4 లోపల, 1-3/8 బయట ఉన్న అంచు బేరింగులు చాలా చక్రాల్లో సరిగ్గా కూర్చుంటాయి. వేస్తే మంచిదే, దొర్లడం తేలికవుతుంది. స్టీరింగ్ బరువు తగ్గాలంటే మాత్రం స్పిండిల్ దగ్గరికే వెళ్లాలి. సుజాత గారు ఎలాగూ చక్రాలు తీస్తున్నారు కాబట్టి ఊగుతున్నాయేమో చూసుకుంటే సరి.

సుజాత_కమింగ్
పని అయింది! వివరంగా రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

ఎడమ స్పిండిల్ సులువుగా దిగింది. కుడిది దిగలేదు, నూనె కొట్టి రాత్రంతా ఉంచితే తెల్లారి చెక్క ముక్కతో తడితే వచ్చింది. దాని మీద సగం పొడుగునా తుప్పు, లోపల మా ఎర్ర మట్టి ఎండి రాయిలా గట్టిపడి ఉంది. నిపుల్ రంధ్రం కూడా పూర్తిగా పూడుకుపోయింది. ఇన్నేళ్లలో ఎవరైనా గ్రీజు కొట్టి ఉన్నా లోపలికి పోయేది కాదు. నిపుల్ కొత్తది వేశాను. మందం 3/4 అంగుళమే. బేరింగులు, గట్టి వాషర్లు, ఓ-రింగులు వేశాను. పాత మందపాటి వాషర్లు తీసేస్తే పైన క్లిప్ బాగా కూర్చుంది. ఎడమ వైపు కొంచెం ఎక్కువ ఆడుతుంటే పల్చటి షిమ్ ఒకటి వేశాను. గ్రీజు లిథియం కాంప్లెక్స్, నంబర్ 2.

అదే త్రాసుతో మళ్లీ కొలిచాం. కాంక్రీటు మీద 13, పలకల మీద 4, ఎత్తితే 3.

గడ్డి మీద కదులుతూ అయితే ఒక చేత్తో, అదీ ఎడమ చేత్తో, చెట్టు చుట్టూ పూర్తిగా తిప్పగలుగుతున్నాను. తోట మొత్తం కోసి దిగాను, భుజం నొప్పి లేదు. నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. పాలమూరు తమ్ముడూ, రఘు గారూ, ఫణి గారూ, చాలా చాలా ధన్యవాదాలు.

పాలమూరు_ట్రాక్టర్స్
శభాష్ అక్కా! గ్రీజు రాత్రి చుక్క వేసిందా చూడండి, బయటికి వచ్చింది తుడిచేయండి. లేదంటే దుమ్ము అంటుకుంటుంది. సెక్టర్ గేరు పళ్లకు మాత్రం ఈ గ్రీజు పూయకండి. తెరిచి ఉన్న గేరుకు గ్రీజు పూస్తే ఇసుక, గడ్డి పొట్టు అంటుకుని పళ్లను అరగదీస్తుంది.

రఘు_రాలీ
నిజం. కొన్ని మాన్యువల్స్‌లో సెక్టర్ గేరుకు పొడి గ్రాఫైట్ వాడమని ఉంటుంది. బ్రష్‌తో దులిపి అదే వాడండి.

సుజాత గారూ, ఇంకా రెండు చూసుకోవాలి. ముందు భాగం కొద్దిగా పైకి లేచింది కాబట్టి డెక్ వాలు మారి ఉండొచ్చు. బ్లేడు ముందు కొన వెనక కొన కన్నా కొంచెం కిందికి ఉండాలి, ఎంతన్నది మీ మాన్యువల్‌లో ఉంటుంది. స్పార్క్ ప్లగ్ వైరు తీసి, చేతికి మందపాటి గ్లవ్ వేసుకుని కొలవండి. ఇంకోటి టో-ఇన్, అంటే ముందు చక్రాలు ముందు వైపు కొద్దిగా లోపలికి తిరిగి ఉండటం. చక్రాలు నేరుగా పెట్టి, ఇరుసు ఎత్తులో రెండు టైర్ల మధ్య దూరం ముందు వైపు, వెనక వైపు కొలవండి. చాలా బండ్లకు ముందు వైపు ఎనిమిదో వంతు నుంచి పావు అంగుళం తక్కువ ఉండాలి. టో తప్పితే బండి నేరుగా పోదు, టైరు ఒరుసుకుంటూ పోతుంది.

సుజాత_కమింగ్
డెక్ ముందు కొన కొంచెం పైకి లేచింది, సర్దాను. టో అంగుళంలో మూడు పదహారో వంతులు ఉంది, ముట్టుకోలేదు.

ఒక ప్రశ్న. స్టీరింగ్ చక్రానికి తగిలించే గుండ్రటి పిడి దొరుకుతుంది కదా, అది పెట్టుకోవచ్చా? ఫిజియోథెరపిస్టు ఒక చేత్తో వాడే ఏర్పాటు ఉంటే మంచిదన్నారు.

ఫణి_ప్లేనో
పెట్టుకోవచ్చు. బరువును తగ్గించదు కానీ, చెయ్యి మార్చకుండా ఒకే అరచేత్తో గుండ్రంగా తిప్పొచ్చు. మీ ఎడమ చేతికి అందే చోట బిగించండి. వేరుకో, గుంతకో ముందు చక్రం తగిలితే స్టీరింగ్ గిర్రున వెనక్కి తిరుగుతుంది, అప్పుడు పిడి మణికట్టుకు తగలొచ్చు. స్టీరింగ్ తేలికైన కొద్దీ ఈ విసురు ఎక్కువగా తెలుస్తుంది, ఎందుకంటే దాన్ని ఆపిన రాపిడి ఇప్పుడు లేదు. వేళ్లు చువ్వల మధ్యలోకి పోనివ్వకండి, వేర్లున్న చోట నెమ్మదిగా వెళ్లండి.

ఇంకా తేలిక కావాలంటే కాస్త పెద్ద స్టీరింగ్ చక్రం వేయొచ్చు. 13 అంగుళాల చక్రం బదులు 15 అంగుళాలది వేస్తే చేతికి పడే బరువు 13 శాతం తగ్గుతుంది. మోకాళ్లకు తగలకుండా చోటుందో చూసుకోవాలి.

వెంకట్_గ్రాండ్‌ర్యాపిడ్స్
పాత కార్ల ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ కాలమ్ తెచ్చి ట్రాక్టర్లకు పెట్టేవాళ్లు ఉన్నారట. నా బ్లోయర్ కోసం అడుగుతున్నాను.

ఫణి_ప్లేనో
పెడతారు, పని చేస్తుంది కూడా. కానీ ఆ మోటారు గట్టిగా తిరిగేటప్పుడు కారు బ్యాటరీ స్థాయి కరెంటు లాగుతుంది. లాన్ ట్రాక్టర్ ఇంజిన్లలో చార్జింగ్ చాలా చిన్నది, కొన్నిటిలో 3 ఆంపియర్లే. పెద్ద వి-ట్విన్ (రెండు సిలిండర్ల) ఇంజిన్లకు 15, 16 దాకా ఉంటుంది. పైగా ఆ సెక్టర్ గేరు రేకు నుంచి కత్తిరించినది. మోటారు బలమంతా దాని పళ్ల మీద పడితే విరుగుతాయి. ఏటా మంచు తోసే పని ఉంటే ఫ్యాక్టరీ నుంచే పవర్ స్టీరింగ్‌తో వచ్చే బండి చూడండి. జాన్ డీర్ ఎక్స్700 సిరీస్ గార్డెన్ ట్రాక్టర్లలో హైడ్రాలిక్‌ది ఉంది, కబ్ కాడెట్‌లో ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్‌తో వచ్చే మోడళ్లు ఉన్నాయి. ఆ బండ్ల ముందు భాగం ఆ బలానికి తగ్గట్టే కట్టి ఉంటుంది.

చందు_ఓమహా
ఈ చర్చ మొత్తం చదివి నిన్న మా బండి స్పిండిల్ దించాను. మాది చిన్న బండి, 38 అంగుళాల డెక్. స్పిండిల్ 5/8 అంగుళమే ఉంది, గ్రీజు నిపుల్ అసలు లేదు. నాకు ఏం సరిపోతుంది?

రఘు_రాలీ
చందు గారూ, 5/8 కు ఎన్‌టీఏ-1018, దాని వాషర్లు టీఆర్ఏ-1018. బయటి వ్యాసం 1-1/8 అంగుళాలు. ఆర్డర్ పెట్టే ముందు మీ యాక్సిల్ గొట్టం కింది ముఖం ఆ వాషర్‌ను పూర్తిగా ఆనించేంత వెడల్పు ఉందో లేదో చూడండి. అంచు బయటికి వస్తే వాషర్ వంగుతుంది. నిపుల్ కోసం యాక్సిల్ గొట్టం మధ్యలో రంధ్రం వేసి 1/4-28 మర తీసి చిన్న నిపుల్ బిగించొచ్చు. డ్రిల్లు వేసేటప్పుడు స్పిండిల్ బయటే ఉండాలి, రజను మొత్తం ఊడ్చి తీశాకే లోపల పెట్టాలి. లోపల ప్లాస్టిక్ బుష్షులు ఉంటే వాటి మధ్య ఖాళీ చోటు చూసి అక్కడే వేయండి.

చందు_ఓమహా
ముఖం 1-1/4 ఉంది, సరిపోతుంది. బుష్షులు పైనా కిందా విడివిడిగా ఉన్నాయి, మధ్యలో రెండంగుళాల ఖాళీ. అక్కడే వేస్తాను. థాంక్స్ అన్నా.